డిశ్చార్జ్ కాగితం చేతికిచ్చాక

డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరిన మనిషికి అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజులు ఏవి? చాలామంది చేరిన రోజులే అంటారు. కాదు, ఇంటికి పంపిన తర్వాతి రోజులు. మానసిక వైద్య వార్డు నుంచి బయటికొచ్చిన మొదటి వారంలో, మొదటి మూడు నెలల్లో ఆత్మహత్య ప్రమాదం చాలా ఎక్కువని అనేక దేశాల్లో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. 'తగ్గిపోయింది, ఇక ఫరవాలేదు' అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే. మా భిలాయ్ అయినా, మీ ఊరైనా ఇంతే. మరి మనిషిని ఇంటికి ఎలా పంపాలి అన్న ప్రశ్న మన దేశంలో ఎప్పుడు పుట్టింది?

చట్టాల్లో వెతికితే చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. 1912లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన ల్యూనసీ చట్టానికి ముఖ్యమైన సమస్య, ఎవరిని ఎవరి ఉత్తర్వుతో లోపల పెట్టాలి అన్నదే. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం 1993లో అమలయింది. దాని దృష్టి కూడా ఎక్కువగా చేర్చుకోవడం మీద, ఆసుపత్రుల లైసెన్సుల మీద ఉంది. రోగిని పంపేముందు డాక్టరు రోగితోనూ, ఇకపై అతను ఎవరి దగ్గర ఉంటాడో ఆ కుటుంబ సభ్యుడితోనూ, తర్వాత చూడబోయే డాక్టరుతోనూ మాట్లాడి ఏర్పాటు చేయాలని స్పష్టంగా చెప్పింది 2017 చట్టంలోని 98వ సెక్షన్. అంటే 1912 నుంచి లెక్కేస్తే నూటఅయిదేళ్లు పట్టింది!

చట్టం కన్నా ముందే ఈ సంగతి గ్రహించిన డాక్టర్లు లేకపోలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగుల బంధువులను రోగులతోపాటు ఉండనిచ్చారు. జబ్బంటే ఏమిటో వాళ్లకు కూర్చోబెట్టి చెప్పేవారు. భయం పోయిన కుటుంబం మనిషిని తిరిగి తీసుకెళ్లింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా అదే దశాబ్దంలో కుటుంబంతో కలిసి ఉండే పద్ధతిని మొదలుపెట్టింది. అప్పట్లో పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల్లో బంధువులను దూరంగా ఉంచడమే మామూలు. ఈ విషయంలో మనవాళ్లే ముందున్నారు.

ఇంటికి చేరాక ఏం చేయాలి? అమెరికాలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు 1969లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. డిప్రెషన్‌తోనో, ఆత్మహత్య ఆలోచనలతోనో ఆసుపత్రిలో ఉండి వెళ్లి, తర్వాతి చికిత్స వద్దన్న 843 మందిని రెండు భాగాలు చేశాడు. ఒక భాగానికి అయిదేళ్లపాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు వెళ్లేవి. మందులు వేసుకో, ఆసుపత్రికి రా అనే ఒత్తిడి వాటిలో ఉండదు, క్షేమం కోరడం తప్ప. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువ. మనకు దగ్గరలో చెన్నై కూడా ఇలాంటి ప్రయోగంలో పాలుపంచుకుంది. అయిదు దేశాల్లో ఆత్మహత్యాయత్నం చేసి బతికిన 1,867 మందిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన ఆ అధ్యయనం 2008లో వెలువడింది. ఒక గంట మాట్లాడి పంపి, పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు పలకరించినవాళ్లలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం. మామూలుగా పంపేసినవాళ్లలో 2.2 శాతం. వీళ్లందరూ డిప్రెషన్ రోగులే అనుకోనక్కర్లేదు. కానీ పలకరింపుకు ఎంత విలువ ఉందో అర్థమవుతుంది కదా!

ఇప్పుడు మా ఊరి సంగతి. సోవియట్ సాయంతో కట్టిన ఈ కర్మాగారంలో 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగం, క్వార్టరు, బడి, సెక్టార్-9లోని పెద్దాసుపత్రి అన్నీ ఒకే సంస్థవి. పర్మనెంటు ఉద్యోగి విషయంలో డాక్టరూ, పని ఇచ్చే అధికారీ మాట్లాడుకోవడం సులువు. డిప్రెషన్‌నుంచి కోలుకుంటున్నవాడికి సరైన నిద్ర మందుతో సమానం. వెళ్లిన వారమే నైట్ షిఫ్టు పడితే? ఇక్కడ ఒక్క చీటీ సరిపోతుంది. కాంట్రాక్టు కూలీకి ఆ చీటీ ఎవరు రాస్తారు, ఎవరు వింటారు? పని మానితే కూలి ఉండదు.

మా తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 'కొన్నాళ్లు ఊళ్లో ఉంటే మనసు కుదుటపడుతుంది' అని డిశ్చార్జ్ కాగానే రైలెక్కించడం నేను చూస్తూనే ఉన్నాను. వార్డులో సలహా హిందీలో. కాగితం ఇంగ్లీషులో. ఊళ్లో చూసుకునే అమ్మకు తెలుగు ఒక్కటే వచ్చు. మాత్రల పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుందనీ, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలనీ ఆమెకు చెప్పినదెవరు? కొడుకు కాస్త నవ్వగానే మాత్రలు అటక మీదికి వెళ్తాయి. మళ్లీ దిగాలుపడితే గాలి సోకిందంటూ భూతవైద్యుడు దిగుతాడు. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది 2001 ఆగస్టు 6న మంటల్లో కాలిపోయారు. వాళ్లను అక్కడ దింపినవాళ్లు కూడా ఎక్కువమంది కన్నవాళ్లే, తోబుట్టువులే. ప్రేమ లేక కాదు, దారి చెప్పేవాళ్లు లేక.

కాబట్టి ఆసుపత్రి గడప దాటేముందు ఈ నాలుగూ అడగండి, రోగి ఎదుటే, మీ భాషలో. మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయి? మళ్లీ చూపించుకునేది ఏ తేదీన, ఏ ఊళ్లో? జబ్బు తిరగబెడుతోందని దేన్నిబట్టి పోల్చుకోవాలి? అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? చివరిదానికి 2022నుంచి ఒక జవాబుంది: టెలీ మానస్, 14416, ఖర్చు లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు. మిగతా మూడింటికి జవాబు చెప్పించుకునే హక్కు చట్టమే ఇచ్చింది. అడగడానికి మొహమాటం ఎందుకు?