డాక్‌టెస్ట్
డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలు లైబ్రరీ కోడ్‌తో ఇంకా సరిపోతున్నాయో లేదో నడిపి చూసే పైథాన్ మాడ్యూల్. రూపకర్త టిమ్ పీటర్స్. 2001లో పైథాన్ 2.1తో పాటు ప్రామాణిక లైబ్రరీలో చేరింది.

ఫంక్షన్ వివరణలో మూడు ‘గ్రేటర్ దాన్’ గుర్తులతో మొదలయ్యే వరుస కనబడితే చాలు, దాన్ని షెల్‌లో టైపు చేసిన ఆదేశంగా తీసుకుని నడుపుతుంది. వచ్చిన ఫలితాన్ని దాని కింద రాసి ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా పోలుస్తుంది. 6 అని రాసి ఉన్నచోట కోడ్ 6.0 ఇస్తే తప్పే. ఇంత పట్టింపు ఒక్కోసారి విసిగిస్తుంది: సెట్‌లోని అంశాల వరుస మారినా, ఫలితంలో మెమరీ చిరునామా కనిపించినా పరీక్ష తప్పుతుంది. మారే భాగం చోట మూడు చుక్కలు పెట్టి, ఎలిప్సిస్ ఆప్షన్ వాడితే కొంత ఊరట.

రస్ట్ భాషలో ఈ పని రస్ట్‌డాక్‌ది. ‘కార్గో టెస్ట్’ ఆదేశం ఇస్తే లైబ్రరీ ఉదాహరణలూ కంపైలై నడుస్తాయి. ఎలిక్సిర్‌లోనూ ఇలాంటిది ఉంది. జావా 8తో వచ్చిన డాక్‌లింట్ దారి వేరు: అది దేన్నీ నడపదు, వ్యాఖ్యలో పేర్కొన్న పారామీటర్ మెథడ్‌లో లేకపోతే పట్టిస్తుంది.

మామూలు వాక్యాల జోలికి డాక్‌టెస్ట్ పోదు. ‘జాబితా ఖాళీగా ఉంటే సున్నా ఇస్తుంది’ అని రాసి ఉదాహరణ ఇవ్వకపోతే, కోడ్ ఎర్రర్ ఇచ్చినా దానికి తెలియదు.