'సొల్లు' పద వ్యుత్పత్తి: కుప్పం సరిహద్దు భాషల సాక్ష్యం

తెలుగు జనవ్యవహారంలో 'సొల్లు' అంటే పసలేని మాట. సొల్లు కబుర్లు, సొల్లు వాగుడు, సొల్లు కొట్టడం వంటి ప్రయోగాలు నేడు అన్ని ప్రాంతాలలోనూ వినిపిస్తాయి. శిష్టరచనలో దీనికి చోటు తక్కువ. ఇవే ధ్వనులు గల పదం తమిళ వ్యవహారంలో 'చెప్పు' అనే క్రియ. కన్నడంలో 'సొల్లు' అంటే మాట, పలుకు. 'సొల్లెత్తు' అంటే నోరు విప్పి మాట్లాడు. రెండు పొరుగు భాషలలో గౌరవంగా నిలిచిన పదం తెలుగులో తిరస్కారవాచకం ఎట్లా అయింది? అసలు ఈ మూడూ ఒకే పదమా? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు తగిన భూమిక చిత్తూరు జిల్లాలోని శాంతిపురం మండలం. ఇది కుప్పం ప్రాంతానికి చెందింది. ఈ ప్రాంతానికి ఒక పక్క కర్ణాటకలోని కోలారు జిల్లా, మరోపక్క తమిళనాడులోని కృష్ణగిరి, తిరుపత్తూరు జిల్లాలు ఉన్నాయి. చెప్పడానికి తెలుగులో 'చెప్పు', కన్నడంలో 'హేళు', తమిళంలో 'సొల్లు' ప్రధాన క్రియలు. ఇక్కడి సంతలో తమిళం మాట్లాడే మనిషి ఎదుటివారిని మర్యాదగా 'సొల్లుంగ' అన్నాడనుకుందాం. అతని భాషలో అది 'చెప్పండి' అనే పిలుపు. తెలుగు మాత్రమే తెలిసినవారి చెవికి అందులో వినిపించేది వెటకారం.

ఈ పోలిక నుండే ఒక లోకనిరుక్తి పుట్టింది. తమిళుల మాట అర్థంకాని తెలుగువారు వారి 'సొల్లు'ను పట్టుకొని, అర్థంలేని మాటకు ఆ పేరు పెట్టారన్నది దాని సారాంశం. 'అరవం' అన్న భాషానామాన్ని 'అరవడం'తో ముడిపెట్టి నవ్వుకోవడం వంటిదే ఇది. వినడానికి చమత్కారంగానే ఉన్నా, ఒక భాషలోని 'మాట' అనే పదమే మరొక భాషలో తిట్టుగా మారిందన్న అభియోగం ఇందులో ఉంది. మూడు భాషలు ఒకే వీధిలో మెలగే చోట ఇటువంటి వ్యుత్పత్తిని సాక్ష్యం లేకుండా అంగీకరించడం తగదు.

పైకి ఒకటిగా వినిపించే పదాలను విడదీయడానికి ఒక సుపరిచితమైన ఉదాహరణ తెలుగులోనే ఉంది. పలకడమనే అర్థంలో 'చెప్పు', పాదరక్ష అనే అర్థంలో 'చెప్పు' నేటి ఉచ్చారణలో అభిన్నాలు. తమిళ రూపాలను పక్కన పెడితే భేదం తేటపడుతుంది. మొదటిదానికి తమిళ సాహిత్య భాషలో 'చెప్పు' ఉంది. రెండవదానికి 'చెరుప్పు' ఉంది. తెలుగులో కలిసిపోయిన రెండు మూలాలను పొరుగు భాష వేరుగా కాపాడింది. 'సొల్లు' విషయంలోనూ ఇదే పద్ధతిని అనుసరించవచ్చు.

తెలుగులో 'సొల్లు'కు మరొక అర్థం ఉంది. అది నోటి నుండి కారే ఉమ్మినీరు, అనగా చొంగ. పసిపిల్లలకు సొల్లు కారుతుంది. తల్లి దానిని తుడుస్తుంది. ఈ అర్థంలోనే 'జొల్లు' అనే రూపమూ ఉంది. కన్నడంలో 'జొల్లు' అన్నా ఇదే. తమిళ వ్యవహారంలో దీనికి సరిపోయే పదం 'జొళ్ళు'. ఇక్కడ హల్లును గమనించాలి. తమిళంలో 'చెప్పు' అనే అర్థంగల 'సొల్లు'లో లకారం ఉంది. చొంగ అనే అర్థంగల 'జొళ్ళు'లో ళకారం ఉంది. తమిళ పదమధ్య ద్విత్వ ళకారానికి తెలుగులో ద్విత్వ లకారం రావడం పరిచితమే. తమిళ 'కళ్ళు'కు తెలుగు 'కల్లు', 'ముళ్ళు'కు 'ముల్లు', 'ఉళ్ళి'కి 'ఉల్లి' ఇందుకు నిదర్శనాలు. కనుక తమిళ 'జొళ్ళు'కు తెలుగు 'జొల్లు' క్రమబద్ధమైన సజాతీయ రూపం. పదాదిలో చ, జల మార్పును 'చల్లు', 'జల్లు' వంటి జంటలు సూచిస్తాయి. చకారం సకారం కావడం 'చూడు', 'సూడు', 'చేను', 'సేను' వంటి వ్యవహార రూపాలలో స్పష్టం. తమిళంలో వేరువేరుగా నిలిచిన రెండు పదాలు తెలుగువారి చెవికి ఒకటిగా వినిపించడానికి కారణం ఈ ధ్వనిపరిణామాలే.

ధ్వని సాక్ష్యం రెండు మూలాలున్నాయని చూపుతుంది. నిందార్థం ఏ మూలం నుండి వచ్చిందో తేల్చడానికి ప్రయోగ సాక్ష్యం కావాలి. నిందార్థంలోని 'సొల్లు' తమిళం నుండి వచ్చిన ఆదానమే అయితే, తెలుగు వాడుకలో ఎక్కడో ఒకచోట 'మాట' అనే తటస్థార్థం మిగిలి ఉండాలి. కాని 'ఒక మంచి సొల్లు చెప్పాడు' అని తెలుగులో ఎవరూ అనరు. తటస్థార్థంలో ఈ పదం మనకు వచ్చిన సందర్భం నాట్య, సంగీత పరిభాషలోని 'సొల్లుకట్టు'. లయాక్షరాల కూర్పును తెలిపే ఈ పదానికి నిందాచ్ఛాయ అంటలేదు. తమిళ 'సొల్లు' ఆదానంగా వచ్చిన చోట తన గౌరవంతోనే వచ్చిందనడానికి ఇది ప్రబలమైన ఆధారం.

చొంగ నుండి వ్యర్థప్రలాపానికి జరిగిన అర్థవిపరిణామం లోకంలో అరుదైనది కాదు. ఆంగ్లంలో 'డ్రివెల్' అనే పదానికి మొదటి అర్థం చొంగ కార్చడం. పనికిమాలిన మాట అనే అర్థం తరువాతిది. ఫ్రెంచిలో 'బావ్' అంటే చొంగ. వాగుడుకాయ అనే అర్థంగల 'బవార్' దాని నుండి ఏర్పడింది. అదుపు లేకుండా నోటి నుండి కారేది ఉమ్మి అయినా మాట అయినా ఒకటేనన్న భావన వీటికి మూలం. 'నోరు జారడం', 'నోరు పారేసుకోవడం' అనే తెలుగు పలుకుబళ్ళలోనూ అదుపు తప్పిన మాటను జారిపోయే వస్తువుగా చూసే దృష్టి ఉంది. తమిళ జనవ్యవహారంలో ఇదే చొంగ మరో దారి పట్టింది. అక్కడ 'జొళ్ళు విడు' అంటే స్త్రీలను చూసి చొంగ కార్చడం, వెకిలిగా ఆశపడటం. ఒకే శరీరధర్మం తమిళంలో చూపుకూ, తెలుగులో ప్రధానంగా మాటకూ లక్షణార్థమైంది.

అయితే పొరుగు భాష ప్రభావాన్ని పూర్తిగా తోసిపుచ్చడం సరికాదు. పలుకుకు సంబంధించిన తమిళ, కన్నడ పదాలు నిత్యం చెవినపడే చోట, తెలుగు 'సొల్లు'లోని మాట అనే అంశం మరింత బలపడే అవకాశం ఉంది. కాని పుట్టిన పదానికి బలం చేకూర్చడం వేరు, పదానికి పుట్టుకనివ్వడం వేరు. నిందార్థానికి మూలం చొంగ అనే దేశ్యపదమేనని పై సాక్ష్యాలు సూచిస్తున్నాయి.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా నుండి తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ సిఫారసుల మేరకు మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఊళ్ళను ఇట్లా అటో ఇటో చేర్చవచ్చు. పదాలను చేర్చడానికి జనాభా లెక్కలు చాలవు. ధ్వనీ ప్రయోగమూ చూడాలి. ఇందుకు నిఘంటువులు జనవ్యవహార పదాలకు అర్థం ఇవ్వడంతో ఆగకుండా, అవి ఏ క్రియలతో కూడుతాయో కూడా నమోదు చేయాలి. 'సొల్లు కారు', 'సొల్లు తుడుచు', 'సొల్లు కొట్టు' అనే ప్రయోగాలు ఒకే ఆరోపం కింద వరుసగా ఉంటే ఈ పదం నడిచిన దారి దానంతటదే కనిపిస్తుంది. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి 1997లో విశ్వవిద్యాలయమే వెలసిన కుప్పం ప్రాంతంలో ఇటువంటి పదసేకరణకు మూడు భాషల వ్యవహర్తలూ అందుబాటులో ఉన్నారు.

శాంతిపురం సంతలో 'సొల్లుంగ' అన్న మనిషి, మనం వెటకారానికి వాడే పదాన్ని పలకలేదు. అతడు పలికింది వేరే పదం. మన 'సొల్లు' మన పసిపిల్లల నోటి నుండి కారిన సొల్లే.