ఐరోపా సమాఖ్యలో ఆహార భద్రత నియంత్రణ

ఐరోపా సమాఖ్య దేశాల్లో ఆహార భద్రతకు మూలాధారం 2002 జనవరిలో చేసిన 178/2002 నిబంధన. 1990లలో పిచ్చి ఆవు వ్యాధి, 1999లో బెల్జియంలో మేతలో కలిసిన డయాక్సిన్ విషం ప్రజల నమ్మకాన్ని దెబ్బతీశాక ఇది వచ్చింది. దీని ప్రకారం సరుకు సురక్షితంగా ఉండేలా చూసే తొలి బాధ్యత ఉత్పత్తిదారులది, వ్యాపారులది. ఇటలీలోని పార్మా కేంద్రంగా పనిచేసే ఐరోపా ఆహార భద్రతా సంస్థ ప్రమాదాన్ని శాస్త్రీయంగా అంచనా వేస్తుంది. నిర్ణయం మాత్రం ఐరోపా కమిషన్, సభ్య దేశాలు తీసుకుంటాయి. శాస్త్రజ్ఞుల మాట రాజకీయ ఒత్తిడికి లొంగకుండా ఉండాలంటే ఈ విభజన తప్పనిసరి.

సరుకు ఎవరి దగ్గర కొన్నారో, ఏ సంస్థకు అమ్మారో 2005 నుంచి ప్రతి వ్యాపారీ చూపించగలగాలి. ఈ నియమం విలువ 2011లో తెలిసింది. ఆ ఏడాది జర్మనీలో మొదలైన ఇ.కోలి వ్యాధికి 50 మందికి పైగా బలయ్యారు. మొదట స్పెయిన్ దోసకాయలను అనుమానించడంతో అక్కడి రైతులు అన్యాయంగా నష్టపోయారు. కొనుగోలు రికార్డులను ఒక్కొక్కటిగా తిరగేస్తూ వెళ్తే ఆధారాలు దిగువ సాక్సనీలోని ఒక మొలకల కేంద్రానికి, అక్కడి నుంచి ఈజిప్టు మెంతులకు దారితీశాయి.

ఒక దేశంలో దొరికిన లోపాన్ని మిగతా దేశాలకు చేరవేసే సత్వర హెచ్చరిక వ్యవస్థ 1979 నుంచే ఉంది.

దిగుమతులకూ ఇవే ప్రమాణాలు. యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా, ఆంధ్రప్రదేశ్ అత్యధికంగా పండించే చెరువు రొయ్యలు సహా భారత ఆక్వా సరుకులో పరీక్షించే వాటాను 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచారు.