మెడ దగ్గర చెమట

మంగళగిరి ఆటోనగర్‌లో వాల్వులు టెస్టు చేసే ఒక రేకుల షెడ్డు. లోపల అడుగుపెట్టగానే కాలిన కటింగ్ ఆయిల్ వాసన గుప్పుమంటుంది. లేతు తిరుగుతోంది, మాట వినబడాలంటే అరవాల్సిందే. కింద చూసుకుని నడవండి. లేతు నుంచి రాలిన ఇనుప చుట్టలు చెప్పుల్ని కూడా కోసేస్తాయి.

బల్ల మీద అంగుళం గ్లోబ్ వాల్వు ఉంది. చూడ్డానికి చిన్నదే కదా అని ఒంటిచేత్తో ఎత్తబోతే మణికట్టు వంగిపోతుంది, నాలుగైదు కిలోల బరువు. ఆ పక్కన చెయిన్ బ్లాకుకి వేలాడుతున్నది ఆరంగుళాల గేటు వాల్వు. దాన్ని ఎత్తే ఆలోచన పెట్టుకోకండి.

రెండింటినీ తడిమి చూడండి. పెద్దదాని ఒళ్లంతా ఇసుక గరుకు. నడుం మీదుగా సన్నటి గీత పోతోంది, మూస రెండు సగాలూ కలిసిన చోటది. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి: ఉక్కు గ్రేడు డబ్ల్యూసీబీ, ఒత్తిడి క్లాసు 300, కింద ఏ కరిగింపు ఉక్కో చెప్పే హీట్ నంబరు. అంటే ఇది పోత. సుమారు 1600 డిగ్రీల దగ్గర కరిగిన ఉక్కుని ఇసుక మూసలో పోస్తే వచ్చిన బాడీ. చిన్నది నున్నగా, నల్లగా ఉంది. దాని మీద గ్రేడు ఎ105, క్లాసు 800 అని గుద్దిన గుర్తులు. ఇది ఫోర్జింగ్. ఉక్కు దిమ్మని కరగనివ్వకుండా, 1200 డిగ్రీల దాకా ఎర్రగా కాల్చి, రెండు డైల మధ్య పెట్టి మోదితే ఈ ఆకారం వచ్చింది. అంచున పొంగుకొచ్చిన ఉక్కుని కత్తిరించిన జాడ ఇంకా వేలికి తగులుతోంది.

కరిగిన ఉక్కు చల్లారుతూ కుంచించుకుపోతుంది. పల్చటి గోడలు ముందు గట్టిపడతాయి, మందపాటి చోట్లు చివర్న. అప్పటికి అక్కడికి చేరాల్సిన ఉక్కు అందకపోతే లోపల గుల్ల మిగులుతుంది. ఫోర్జింగ్‌లో ఆ బెడద చాలావరకు ఉండదు. పైగా సమ్మెట దెబ్బలకి ఉక్కులోని రేణువులు బాడీ వంపు వెంటే ఒరిగి సాగుతాయి. ఈ ఊరి మగ్గం మీద పడుగు నూలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా సాగినట్టు.

ఇక టెస్టు మొదలు. ఆరంగుళాల వాల్వు రెండు వైపులా మూసి, నీళ్లు నింపి, పంపు కొడుతున్నారు. గేజి ముల్లు 40, 60 దాటింది. 78 బార్ దగ్గర ఆపారు. 300 క్లాసు కార్బన్ స్టీలు బాడీకి గది వేడిమిలో అనుమతించే ఒత్తిడి 51 బార్, దానికి ఒకటిన్నర రెట్లన్నమాట. ఈ సైజుకి నిమిషం పాటు నిలబడాలి. పెయింటు ముందే వెయ్యకూడదన్నది నియమం. వేస్తే ఇప్పుడు మీరు చూడబోయేది కనబడేది కాదు.

ముప్పై సెకన్లు. బాడీ మెడ, ఫ్లాంజ్ కలిసే మూల చూడండి. పొడిగా ఉన్న ఉక్కు మీద గుండుసూది తలంత తడి. తుడిస్తే పోయింది. మళ్లీ వచ్చింది. మందం, పల్చన కలిసేది సరిగ్గా అక్కడే.

కుర్రాడు సుత్తి అందుకున్నాడు.

"ఏందిరా అది?"

"రెండు దెబ్బలేస్తే మూసుకుపోద్ది మేస్త్రీ గారూ."

"మూసుకుపోద్ది. రేపు లైన్లో ఆవిరెక్కాక తెరుచుకుంటది. పెట్టు కింద."

మేస్త్రీ చెప్పింది అక్షరాలా రూలే. పోతలో కారే చోటుని సుత్తితో కొట్టి మూయడం, పూడిక పెట్టడం ఏఎస్‌టీఎం ప్రమాణాల్లో నిషిద్ధం. చెడిన చోటు పూర్తిగా తవ్వి తీసి, పద్ధతి ప్రకారం వెల్డింగ్ చేసి, మళ్లీ నీళ్ల టెస్టు పెట్టాలి. అది ఒక పూట పని కాదు.

తర్వాత చిన్నదాని వంతు. 205 బార్ దాకా పోయినా బాడీ చెక్కుచెదరలేదు, పదిహేను సెకన్లు చాలు దీనికి. కానీ వాల్వు మూసి, లోపలి మూత ఆనుకునే సీటుకి టెస్టు పెడితే అవతల నుంచి బొట్లు. లైన్లో వాడిన వాల్వు కదా, ఆవిరి కోసేసిన సీటు అది. బాడీ ఎంత గట్టిదైనా సీటు అరుగుదల ఆగదు. ఈ సంగతి వాల్వులు అమ్మేవాళ్లు ఎందుకో గట్టిగా చెప్పరు.

"అయితే పెద్దవి కూడా ఫోర్జింగే తెప్పిస్తే పోలా?" అంటాడు వాల్వులు తెచ్చిన స్టోర్స్ మనిషి. మేస్త్రీ నవ్వుతాడు. ఆరంగుళాల బాడీకి ఎంత దిమ్మ కావాలి, ఎంత పెద్ద ప్రెస్సు కావాలి, లోపల తొలిచి పారేసే ఉక్కు ఖరీదు ఎవరు కడతారు? ఫోర్జ్‌డ్ గేటు, గ్లోబ్ వాల్వుల ప్రమాణం ఏపీఐ 602 నాలుగంగుళాల దగ్గరే ఆగుతుంది. వాడుకలో రెండంగుళాల దాకా ఫోర్జింగ్, ఆపైన పోత.

కృష్ణ దాటి ఇబ్రహీంపట్నం వెళితే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. 1979 నుంచి నడుస్తోంది. అలాంటి చోట డ్రెయిన్లు, వెంట్లు, గేజి లైన్ల దగ్గర ఉండే చిన్న వాల్వులు ఫోర్జింగులు. టర్బైన్ ముందుండే భారీ స్టాప్ వాల్వుల బాడీలు మాత్రం చాలా కేంద్రాల్లో పోతవే. 540 డిగ్రీల ఆవిరిని అవి ఏళ్ల తరబడి మోస్తున్నాయంటే కారణం క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు, ఎక్స్‌రే తీసి గుల్లలు వెతికిన శ్రద్ధ. ఇక్కడి రెండు వాల్వులదీ మామూలు కార్బన్ స్టీలే. 425 డిగ్రీలు దాటిన చోట ఏళ్లపాటు ఉంచితే అందులోని కార్బన్ గ్రాఫైటుగా విడిపోతుంది. పోతైనా ఫోర్జింగైనా అంతే.

కాబట్టి వాల్వు కొనబోతే పోతా, ఫోర్జింగా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. ఆవిరి ఎంత వేడి, ఒత్తిడి ఎంత, సైజు ఎంత అన్నవి ముందు తేల్చుకోండి. బాడీ మీద ఉన్న హీట్ నంబరు, చేతికిచ్చిన సర్టిఫికెట్‌లోని నంబరు ఒకటేనా చూడండి. కాకపోతే, అది ఫోర్జింగే అయినా సరే, దించుకోకుండా వెనక్కి పంపండి.