నల్లగొండ గెలిపించిన ఇద్దరు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లు, ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదివే చెల్లెళ్లు ఒకటే అడుగుతరు: “అన్నా, ఎన్నికల మీద రాయాలంటే ఏ ఎన్నిక తీసుకోవాలె? ఏ పుస్తకం చదవాలె?” వాళ్లే 1977 అంటరు, 1983 అంటరు. ఇందిర ఓటమి, ఎన్టీఆర్ గెలుపు. వాటి మీద రాసినోళ్లకు కొదవలేదు. నేను 1952 నల్లగొండ తీసుకొమ్మంటాను.

ఆ ఎన్నిక గురించి ఒక్క వాక్యం అందరికీ కంఠతా వచ్చు: రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చినయి. నారాయణగూడలో బస్సు దిగి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచిన రోజుల్లో నేను చదివిన ప్రతి గైడులో ఆ వాక్యం ఉంది. దాని పక్కన ఉండాల్సిన వాక్యం ఒక్కదాంట్లోనూ లేదు. నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. జనరల్ సీటు ఒకటి, ఎస్సీ రిజర్వుడు సీటు ఒకటి. కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో పోటీ చేసిండ్రు. అదే ఓటర్లు, అదే పీడీఎఫ్ నుంచి సుంకం అచ్చాలును కూడా పార్లమెంటుకు పంపిండ్రు. అలహాబాదులో నెహ్రూ పక్కన గెలిచిన మసూరియా దీన్ కూడా దళితుడే. పోల్చిన ఇద్దరూ గుర్తున్నరు. పక్కనున్న ఇద్దరు ఏరి?

మా తాతకు ఆ ఓటు యాదికుండె. “రెండు కాయితాలిచ్చిండ్రు, రెండూ ఒకే డబ్బాల వెయ్యొద్దన్నరు” అని చెప్పేటోడు. అక్షరం రాని మాదిగాయనకు తెలిసిన ముచ్చట, డిగ్రీ దాకా నాకు ఏ పాఠమూ చెప్పలేదు.

కరీంనగర్‌ది ఇంకో కథ. అక్కడ రిజర్వుడు సీటులో ఎం.ఆర్. కృష్ణ గెలిచింది అంబేద్కర్ స్థాపించిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నుంచి. దేశం మొత్తం మీద ఫెడరేషన్‌కు వచ్చిన లోక్‌సభ సీట్లు రెండే. బొంబాయిలో అంబేద్కరే ఓడిపోయిండు.

ఈ జోడు సీట్ల తిరకాసు 1957లో పార్వతీపురంలో బయటపడ్డది. రిజర్వుడు సీటుతో పాటు జనరల్ సీటు కూడా గిరిజనుడికే, డిప్పల సూరి దొరకే దక్కింది. ఓడిన వి.వి. గిరి కోర్టుకెక్కిండు. ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న గిరిజనుడు జనరల్ సీటులో కూర్చోవచ్చునని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండేండ్లకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసిండ్రు. పరీక్ష కోసం కాకున్నా ఈ వరుస ఒకసారి చూడున్రి.

పుస్తకాలంటరా? ముందు గైడు పక్కన పెట్టి ఎన్నికల సంఘం ఫలితాల పట్టికలు తియ్యున్రి. తర్వాత ఆ తీర్పు. పట్టికలో సుంకం అచ్చాలుకు ఒక్క వరుస దొరుకుతది. మిగిలిన మనిషి కోసం నల్లగొండ జిల్లా వాడలకు పోవాలె. ఆనాడు 21 ఏండ్లకు ఓటేసినోళ్లకు ఇప్పుడు తొంభై దాటినయి.