రంగం ఓడ

కోనసీమలో పాత మండువా లోగిలి చూడబోతే, ఇంటి పెద్ద ముందు స్తంభం మీద వేలితో టకటకా కొట్టి చూపిస్తారు. “బర్మా టేకండి, ఇప్పటికీ చెద పట్టలేదు” అంటారు. ఆ దుంగ సముద్రం మీద ఎలా వచ్చిందో కథలా చెబుతారు. అదే సముద్రం మీద అటు వెళ్లిన కూలీల ఊసు మాత్రం రాదు.

వాళ్లు వెళ్లిన ఊరిని మనవాళ్లు ‘రంగం’ అన్నారు. అదే రంగూన్.

ఈ కథ మొదలయ్యేది 1852లో. ఆ ఏడాది కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. అదే ఏడాది ఇంగ్లీషువాళ్లు యుద్ధం చేసి రంగూన్‌నీ, దిగువ బర్మానీ కలిపేసుకున్నారు. ఇక్కడ గోదావరి డెల్టాకి కాలవలు, అక్కడ ఐరావతి డెల్టాలో అడవి నరికి వరి మళ్లు. 1869లో సూయజ్ కాలవ తెరిచాక బర్మా బియ్యానికి ఐరోపా దగ్గరైంది. 1930ల నాటికి బర్మా ఏటా 30 లక్షల టన్నుల దాకా ఎగుమతి చేస్తూ ప్రపంచంలో అందరికంటే ముందుంది.

మళ్లు కొట్టింది చాలావరకు బర్మా రైతులే. అప్పులిచ్చింది తమిళ చెట్టియార్లు. రేవులో బస్తాలు మోసింది, మిల్లుల్లో చెమటోడ్చింది, వీధుల్లో రిక్షా లాగింది మాత్రం ఎక్కువగా మనవాళ్లే. ఆనకట్టతో గోదావరి జిల్లా పచ్చబడింది నిజమే, కానీ సెంటు భూమి లేనివాడికి కాలవ నీళ్లతో ఒరిగేదేముంది? మేస్త్రీ వచ్చి చేతిలో బయానా పెట్టేవాడు. కాకినాడలో ఓడ ఒడ్డుకి రాదు. పడవ మీద వెళ్లి ఎక్కి, డెక్కు మీద చోటు వెతుక్కోవాలి. దిగాక కూలి డబ్బు మేస్త్రీ చేతిలోంచే రావాలి, అతని కోత పోగా మిగిలిందే మనిషిది. చాలామంది కోతలకి వెళ్లి వానలకి ముందు తిరిగొచ్చే మగవాళ్లు. ఒక్కో గదిలో ఎంతమంది పడుకునేవారో చూసి తెల్లదొరలే నివేదికల్లో ముక్కున వేలేసుకున్నారు.

విశాఖ, గంజాం జిల్లాల నుంచీ వేలమంది వెళ్లినా, బర్మాలో తెలుగు కూలీలందరికీ ఒకటే పేరు: ‘కోరంగీ’. మన తాళ్లరేవు పక్కన ఉన్న కోరంగే అది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఆ రేవుని 1839 తుపాను ఊడ్చేసింది. ఊరు పోయినా పేరు రంగూన్‌లో ఇంకో వందేళ్లు బతికింది, అదీ కాస్త చిన్నచూపుతో.

1930 మేలో కోరంగీలు కూలి పెంచమని రేవులో పని ఆపేశారు. ఓడల సరుకు ఎక్కించి దింపే గుత్తేదారులు, అంటే స్టీవ్‌డోర్లు, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను దించారు. తీరా తెలుగువాళ్లతో రాజీ కుదిరాక, పొద్దున్నే పనికొచ్చిన బర్మావాళ్లను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. లాభం తీసుకునేవాడు పైన ఉన్నాడు, రక్తం కారింది ఇద్దరు కూలీలకి.

ఆ అల్లర్ల వేడిలోనే రంగూన్‌లో ‘దోబమా’ సంఘం పుట్టింది. ‘మన బర్మా’ అని దాని అర్థం. అందులో చేరినవాళ్లు పేరుకి ముందు ‘తఖిన్’, అంటే దొర, అని పెట్టుకున్నారు. తెల్లవాడిని పిలవాల్సిన మాటని తామే తగిలించుకున్నారన్నమాట. ఆంగ్ సాన్, ఊ ను ఆ గుంపువాళ్లే. బర్మా స్వాతంత్ర్య చరిత్రలో మన రేవు కూలీకి ఇలా ఒక పేజీ ఉంది, అయితే అతను కోరుకున్న పేజీ కాదు.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్లు లక్షల్లో కొండలూ అడవులూ పట్టి నడిచారు. దారిలో జ్వరానికీ ఆకలికీ రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీదికీ వచ్చాయి.

ఆంగ్ సాన్‌ని 1947 జులై 19న కాల్చి చంపారు. 1948 జనవరి 4న, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి, తెల్లవారుజామున 4:20కి బర్మా స్వతంత్రమైంది. 1962లో సైన్యం గద్దెనెక్కింది. దుకాణాలు సర్కారు పరమయ్యాయి. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేశారు. తరాలుగా అక్కడే ఉన్న కుటుంబాలు మళ్లీ ఓడ ఎక్కాయి, ఈసారి తిరుగు టికెట్ లేకుండా.

అలా వచ్చినవాళ్లలో కొందరిని విశాఖలో కంచరపాలెం దగ్గర దించారు. ఇవాళ ఆటో ఎక్కి “బర్మా క్యాంపు” అంటే చాలు, డ్రైవరు ఇంకేమీ అడగడు.