జనరంజక గీతం – కాలపరీక్ష

పెన్నానది సంగం దాటి, నెల్లూరు మీదుగా సముద్రం చేరే ఈ సీమలో సంగీతం సభామందిరాలకంటె ముందు ఆలయ ప్రాంగణాలలోనూ హరికథా వేదికలమీదనూ వర్ధిల్లింది. కాలికి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, శాస్త్రపరిచయం లేని శ్రోతలను పొద్దుపోయేదాకా కదలనీయకుండా కూర్చోబెట్టవలసిన హరికథకుడు, రాగచ్ఛాయను చెడనీయకుండానే దానిని కథాగమనానికి వశపరచవలసి వచ్చేది. ఈ సర్దుబాటును పతనంగా ఎంచే అలవాటు ఇక్కడి శ్రోతలకు ఉన్నట్టు లేదు. ఈ వాతావరణం నుంచే వచ్చిన, నెల్లూరి హరికథకులు సాంబమూర్తిగారి కుమారుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో గాయకుడిగా చిత్రరంగ ప్రవేశం చేశాడు.

చలనచిత్ర గీతంపై విద్వాంసుల ఆక్షేపణ నిరాధారమైనది కాదు. సన్నివేశానికి లోబడి, నాలుగైదు నిమిషాలలో ముగిసి, విపణికోసం పుట్టే పాటలో మనోధర్మానికి చోటు స్వల్పం. అయినా ఆ ఇరుకులోనే కొందరు శిల్పాన్ని సాధించారు. సూళ్లూరుపేట ప్రాంతంలోని మంగళంపాడులో జన్మించిన గీతరచయిత ఆత్రేయ మాటలను వాడుక భాషకు దగ్గరగా నిలిపితే, సాహిత్యాన్ని ముందుంచుకొని వరుస కట్టడం పద్ధతిగా గల కె.వి. మహదేవన్ ఆ మాటల విరుపులను రాగంలో నలిగిపోనీయలేదు; ‘మూగమనసులు’ (1964) పాటలు నేటికీ వినబడటానికి నటుల కీర్తికంటె ఈ పొందికే ప్రధాన హేతువని నా అభిప్రాయం.

శాస్త్రీయ సంగీతానికి ఆదరణ తగ్గుతున్నదని వగచిన కె. విశ్వనాథ్ చిత్రం ‘శంకరాభరణం’ (1980), ఆ వగపును చిత్రగీతాల ద్వారానే ఊరూరికీ చేర్చింది. అందులో రామదాసు కీర్తనల సరసన వేటూరి రచనలు నిలిచాయి. శాస్త్రీయ సంగీతాన్ని క్రమంగా అభ్యసించని బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ పురస్కారం లభించింది. పురస్కారం శాశ్వతత్వానికి ప్రమాణం కాదు; ఆయన పాడిన వేల పాటలలో అధికభాగం చిత్రాలతోపాటే మరుగునపడ్డాయి.

భద్రపరచడం వేరు, బతకడం వేరు. అన్నమయ్య సంకీర్తనలు తిరుమలలో శతాబ్దాలపాటు రాగిరేకులపై చెక్కుచెదరక ఉన్నా, ఇరవయ్యవ శతాబ్దంలో వెలికివచ్చి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు స్వరపరచిన తరువాతనే జనకంఠాలలో విస్తరించాయి. ధ్వనిముద్రణ చిత్రగీతానికి రాగిరేకు వంటిదే: అది స్వరాన్ని కాపాడగలదు, విలువను కాదు. చిత్రాన్ని చూడని తరం తనంతట తాను ఎత్తుకొని పాడే పాటలకే కళాఖండమన్న మాట చెల్లుతుంది. తెలుగు చిత్రగీతాలలో అటువంటివి ఉన్నాయి. మొత్తంతో పోల్చితే అవి కొద్ది.